పోర్ట్రెయిట్ లెన్స్ కొనేముందు గది కొలవండి

కెమెరా కొత్తగా కొన్నవాళ్లు మొదటి కొన్ని నెలల్లోనే అడిగే ప్రశ్న ఇది: "మనుషుల ఫొటోలు బాగా రావాలంటే ఏ లెన్స్ తీసుకోవాలి, 50 ఎంఎంమా, 85 ఎంఎంమా?" ఈ ఎంఎం అంకె లెన్స్ ఫోకల్ లెంగ్త్, అది పెరిగేకొద్దీ దూరంలోది దగ్గరగా కనిపిస్తుంది. ఎవరిని అడిగినా మాట చాలాసార్లు ఎఫ్ నంబర్ (లెన్స్ ఎంత వెడల్పుగా తెరుచుకుంటుందో చెప్పే అంకె, చిన్నదైతే ఎక్కువ తెరుచుకుంటుంది) మీదకే వెళ్తుంది. 1.8 చాలా, 1.4 కావాలా, బ్యాక్‌గ్రౌండ్ ఎంత బ్లర్ అవుతుంది అని. నన్నడిగితే అది రెండో ప్రశ్న. మీరు ఎక్కువగా ఎక్కడ ఫొటోలు తీస్తారు, అక్కడ వెనక్కి జరగడానికి ఎన్ని అడుగుల చోటుంది అన్నది మొదటి ప్రశ్న. దానికి జవాబు దొరికితే లెన్స్ చాలావరకు తేలిపోయినట్టే.

కొత్తవాళ్ల చేతిలో ఉండేవి ఎక్కువగా క్రాప్ సెన్సార్ కెమెరాలే (ఫొటో పట్టే సెన్సార్ కాస్త చిన్నగా ఉండేవి) కాబట్టి ఇక్కడి లెక్కలన్నీ వాటికే చెబుతున్నాను. సెన్సార్ పెద్దగా ఉండే ఫుల్ ఫ్రేమ్ కెమెరాల సంగతి మధ్యలో వస్తుంది.

అడుగుల లెక్క

కెమెరాను నిలువుగా పట్టుకుని ఒక పెద్దమనిషిని తల నుంచి పాదాల దాకా, పైనా కిందా కాస్త ఖాళీ వదిలి తీయాలనుకోండి. 35 ఎంఎం లెన్స్‌తో అయితే మీరు సుమారు 10 అడుగుల దూరంలో నిలబడాలి. 50తో 15 అడుగులు. 85తో 25 అడుగులు. నడుము పైభాగం మాత్రమే కావాలంటే ఈ దూరాలు వరుసగా 5, ఏడున్నర, పన్నెండున్నర అడుగులవుతాయి. తల, భుజాలు మాత్రమే చాలనుకుంటే 3, నాలుగున్నర, ఏడున్నర.

ఇప్పుడు మీ హాల్లోకి వెళ్లి చూడండి. మన అపార్ట్‌మెంట్లలో గదులు చాలావరకు 10 బై 12 అడుగులుంటాయి. అందులో సోఫా, టీపాయ్, టీవీ స్టాండ్ పోగా, మనిషిని గోడకు ఆనించకుండా కనీసం మూడు నాలుగు అడుగులు ముందుకు తీసుకురావాలి. లేకపోతే నీడ గోడ మీద పడుతుంది, గోడ మీది క్యాలెండర్ కూడా ముఖమంత స్పష్టంగా కనిపిస్తుంది. మీకు మిగిలేది ఏడెనిమిది అడుగులు. ఆ చోటులో 50 ఎంఎంతో నడుము దాకా వస్తుంది, అంతే. లంగా ఓణీ వేడుకకు ముస్తాబైన అమ్మాయిని ఇంట్లోనే నిలువెత్తున తీద్దామంటే 50 సరిపోదు. 85 గురించి ఆలోచించనక్కర్లేదు, గుమ్మం దాటి లిఫ్ట్ దగ్గర నిలబడాల్సి వస్తుంది.

అదే పాలకొల్లులోనో పరకాలలోనో పెద్ద వాకిలి ఉన్న ఇల్లయితే లెక్క మారిపోతుంది. వాకిట్లో నిలబెట్టి వీధిలోంచి తీయొచ్చు. విశాఖ ఆర్కే బీచ్‌లో, గోల్కొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధుల తోటలో తీసేవాళ్లకు దూరం సమస్యే కాదు. అందుకే ఒకరికి బ్రహ్మాండంగా పనిచేసిన లెన్స్ ఇంకొకరి బ్యాగులో అలాగే ఉండిపోతుంది. లెన్స్‌లో లోపమేమీ ఉండదు, చోటు తేడా.

దూరం ముఖాన్ని ఏం చేస్తుంది

"35 ఎంఎంతో ముక్కు పెద్దగా వస్తుంది, 85తో ముఖం అందంగా వస్తుంది" అని చాలామంది చెబుతారు. ఇందులో సగమే నిజం. ముక్కును పెద్దది చేసేది లెన్స్ కాదు, మీరు నిలబడిన దూరం. ముక్కు కొన నుంచి చెవి దాకా సుమారు 12 సెంటీమీటర్లు అనుకుందాం. మూడు అడుగుల దూరం నుంచి తీస్తే చెవితో పోలిస్తే ముక్కు ఉండాల్సిన దానికన్నా దాదాపు 13 శాతం పెద్దగా పడుతుంది. నాలుగున్నర అడుగుల నుంచి ఆ తేడా 9 శాతం, ఏడున్నర అడుగుల నుంచి 5 శాతం. చేయి చాచి ఫోన్‌తో తీసుకునే సెల్ఫీలో ఇది 20 శాతం దాటుతుంది. సెల్ఫీలో మన ముఖం మనకే కొత్తగా అనిపించడానికి ఒక కారణం ఇదే.

కాబట్టి 35 ఎంఎంతోనూ మంచి పోర్ట్రెయిట్ వస్తుంది, మీరు ఐదారు అడుగుల దూరంలో ఉండి నడుము దాకా తీసినంతసేపు. ముఖం మాత్రమే ఫ్రేమ్ నిండా కావాలని దగ్గరికి జరిగినప్పుడే తేడా వస్తుంది. ఫ్రేమ్ నిండా ముఖాలు తీయడమే మీకిష్టమైతే 35 మీ లెన్స్ కాదు. కూర్చున్న మనిషి, చేతుల్లో పసిపాప, వెనక కిటికీ, పక్కన దేవుడి గూడు, ఇవన్నీ ఉన్న ఫొటోలు ఇష్టమైతే అది మీదే.

మరో వైపు కూడా చెప్పాలి. మరీ దూరం వెళ్లినా ముఖం చదునుగా, బల్లపరుపుగా అనిపిస్తుంది. పైగా 25 అడుగుల దూరం నుంచి "గడ్డం కాస్త దించండి" అని అరిచి చెబితే ఫొటో తీయించుకునేవాళ్లు బిగుసుకుపోతారు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు మాట్లాడగలిగే దూరం చాలా ముఖ్యం. మంచి పోర్ట్రెయిట్‌లో సగం పని మాటలతోనే అవుతుంది. నేను 50ని ఎక్కువగా సిఫారసు చేయడానికి అసలు కారణం అదే. నాలుగు నుంచి ఎనిమిది అడుగుల మధ్య నిలబడి, మామూలు గొంతుతో కబుర్లు చెబుతూ తీయొచ్చు.

వెలుతురు, ఆ తర్వాతే బ్లర్

కెమెరాతో వచ్చే 18-55 కిట్ లెన్స్‌లోనూ 55 ఎంఎం ఉంది కదా, మళ్లీ 50 ఎందుకు అన్న సందేహం సహజం. 55 దగ్గర ఆ లెన్స్ ఎఫ్ 5.6 దాకా మాత్రమే తెరుచుకుంటుంది. ఎఫ్ 1.8 దానికన్నా దాదాపు పదిరెట్లు ఎక్కువ వెలుతురును లోపలికి రానిస్తుంది. ట్యూబ్‌లైటు వెలుగులో కిట్ లెన్స్‌తో ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి, పెంచితే ఫొటోలో గరుకుదనం పెరుగుతుంది) 6400 పెట్టాల్సిన చోట 640తో పని జరిగిపోతుంది. చర్మం రంగులో, చీర నేతలో ఆ తేడా స్పష్టంగా కనబడుతుంది.

అసలు పోర్ట్రెయిట్ లెన్స్ పుట్టిందే వెలుతురు కోసం. 1840లో వియన్నాలో జోసెఫ్ పెట్జ్‌వాల్ అనే గణిత ఆచార్యుడు డిజైన్ చేసిన లెన్స్ సుమారు ఎఫ్ 3.6 దాకా తెరుచుకునేది. ఆ కాలపు పలకల మీద బొమ్మ పడాలంటే మనిషి నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవాల్సి వచ్చేది. ఆ లెన్స్ ఆ సమయాన్ని బాగా తగ్గించింది, స్టూడియో పోర్ట్రెయిట్ ఒక వృత్తిగా నిలబడటానికి దారి తీసింది. బ్యాక్‌గ్రౌండ్ కరిగిపోవడం అప్పట్లో దానితో పాటు వచ్చిన గుణం మాత్రమే. ఇప్పుడు మనం దాన్నే ముందు అడుగుతున్నాం.

బ్లర్ సంగతీ తేల్చుకుందాం, ఎందుకంటే దీని మీదే ఎక్కువ డబ్బు ఖర్చవుతుంది. ఫోకల్ లెంగ్త్‌ను ఎఫ్ నంబర్‌తో భాగించండి. 35 ఎంఎం ఎఫ్ 1.8కి 19 మిల్లీమీటర్లు వస్తుంది. 50 ఎఫ్ 1.8కి 28. 85 ఎఫ్ 1.8కి 47. మనిషిని ఫ్రేమ్‌లో ఒకే సైజులో ఉంచితే, బాగా దూరంగా ఉన్న చెట్లూ దీపాలూ ఎంత కరుగుతాయన్నది ఈ అంకె చెబుతుంది. అంటే 85 లెన్స్ దూరపు బ్యాక్‌గ్రౌండ్‌ను 50 కన్నా ఒకటిన్నర రెట్లకు పైగా కరిగిస్తుంది. 18-55 కిట్ లెన్స్‌కు ఈ అంకె 10 దగ్గర ఆగిపోతుంది. దాని నుంచి 50కి మారితేనే దాదాపు మూడు రెట్లు వస్తుంది. కొత్తవాళ్లు కళ్లారా గమనించే మార్పు అదే.

అయితే బ్లర్‌కు ఇంకో పక్క కూడా ఉంది. తల, భుజాలు ఫ్రేమ్‌లో ఉండేలా ఎఫ్ 1.8 దగ్గర తీస్తే ఫోకస్‌లో ఉండే లోతు సుమారు 5 సెంటీమీటర్లే. 50తో తీసినా, 85తో తీసినా అంతే. కన్ను స్పష్టంగా ఉంటుంది, చెవి కమ్మ మసకబారుతుంది, జడలో మల్లెలు పూర్తిగా కరిగిపోతాయి. అమ్మాయి పూలజడ, పాపిడిబిళ్ల, వంకీలు చూపించడానికే తీసే ఫొటోలో అది నష్టం. అక్కడ ఎఫ్ 4 పెట్టుకుంటే లోతు 11 సెంటీమీటర్లకు పెరుగుతుంది. ఇద్దరు పక్కపక్కన ఉంటే ఎఫ్ 2.8 నుంచి 4, కుటుంబమంతా ఉంటే 5.6. అందుకే ఎఫ్ 1.4 కోసం, 1.2 కోసం మొదట్లోనే ఎక్కువ డబ్బు పెట్టొద్దంటాను. మొదటి ఏడాది మీరు ఎక్కువగా వాడేది 2 నుంచి 4 మధ్యే.

నాలుగు దారులు, వాటిలో ఏది ఎవరికి

50 ఎంఎం ఎఫ్ 1.8 చాలామందికి సరైన మొదటి లెన్స్. కెనన్ డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) ఉంటే 2015లో వచ్చిన ఈఎఫ్ 50 ఎంఎం ఎఫ్ 1.8 ఎస్‌టీఎం. బరువు 160 గ్రాములు, 35 సెంటీమీటర్ల దగ్గరి దాకా ఫోకస్ చేస్తుంది. కెనన్ ఆర్50, ఆర్10 లాంటి మిర్రర్‌లెస్ (అద్దం లేనిది) ఉంటే 2020 నాటి ఆర్‌ఎఫ్ 50 ఎంఎం ఎఫ్ 1.8. నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌కు ఏఎఫ్-ఎస్ 50 ఎంఎం ఎఫ్ 1.8జీ. సోనీ ఏ6400, జడ్‌వీ-ఈ10 లాంటివి ఉంటే కుదుపును తగ్గించే ఏర్పాటు లోపలే ఉన్న ఈ 50 ఎంఎం ఎఫ్ 1.8 ఓఎస్‌ఎస్ తీసుకోండి. ఆ బాడీలలో ఆ ఏర్పాటు లేదు కాబట్టి లెన్స్‌లో ఉండటం మేలు. ఫుజీఫిల్మ్‌లో ఎక్స్‌ఎఫ్ 50 ఎంఎం ఎఫ్ 2.

ఇంట్లోనే ఎక్కువగా తీసేవాళ్లు, ముఖ్యంగా చిన్నపిల్లలున్నవాళ్లు 35 తీసుకోండి. పాకే పిల్లవాడు మీ దగ్గరికే వస్తాడు, 50తో వెనక్కి వెనక్కి జరిగి గోడకు తగులుతారు. నికాన్ ఏఎఫ్-ఎస్ డీఎక్స్ 35 ఎంఎం ఎఫ్ 1.8జీ 2009 నుంచీ ఉన్న లెన్స్, 200 గ్రాములు, నమ్మకంగా కొనొచ్చు. సోనీలో ఈ 35 ఎంఎం ఎఫ్ 1.8 ఓఎస్‌ఎస్, ఫుజీఫిల్మ్‌లో ఎక్స్‌ఎఫ్ 35 ఎంఎం ఎఫ్ 2 ఉన్నాయి. కెనన్ డీఎస్‌ఎల్‌ఆర్ వాళ్లకు మాత్రం ఈ కొలతలో 50 అంత చవకైన సొంత కంపెనీ లెన్స్ లేదు. ఈఎఫ్ 35 ఎఫ్ 2 ఐఎస్ చాలా మంచిదే, కానీ ఖరీదు వేరే స్థాయి. వాళ్లు ముందు 50 కొనుక్కుని, ఇరుకు గదుల్లో కిట్ లెన్స్‌ను ఫ్లాష్‌తో వాడుకోవడం మంచిది.

85 మీద నాకు చాలా గౌరవం ఉంది, కానీ క్రాప్ కెమెరాకు మొదటి లెన్స్‌గా చెప్పను. దాని చోటు వేరు. పెళ్లిలో మీరు చుట్టం హోదాలో ఉన్నారనుకోండి. మండపం ముందు వీడియో వాళ్లు, అసలు ఫొటోగ్రాఫరు, లైట్లు పట్టుకున్న కుర్రాళ్లు నిండిపోయి ఉంటారు. మీరు పక్కన పది పన్నెండు అడుగుల దూరంలో నిలబడి, జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో పెళ్లికూతురిని మాత్రమే పట్టుకోవాలి. అప్పుడు 85 చేతిలో ఉంటే ఎంత ఆనందమో తీసినవాళ్లకే తెలుస్తుంది. తలంబ్రాల నవ్వులు, వెనక వరుసలో కళ్లు తుడుచుకునే అమ్మమ్మ, ఎవరినీ కదిలించకుండా వస్తాయి. ఇలాంటి వేడుకలు, బయట తోటల్లో తీయడాలు మీకు ఎక్కువైతే 85ను రెండో లెన్స్‌గా పెట్టుకోండి. కెనన్ ఈఎఫ్ 85 ఎంఎం ఎఫ్ 1.8 యూఎస్‌ఎం 1992 నాటిదైనా ఇప్పటికీ పనిమంతురాలు, 85 సెంటీమీటర్ల కన్నా దగ్గరికి మాత్రం ఫోకస్ చేయదు. నికాన్‌లో ఏఎఫ్-ఎస్ 85 ఎఫ్ 1.8జీ, సోనీలో ఎఫ్‌ఈ 85 ఎఫ్ 1.8 ఉన్నాయి.

ఫుల్ ఫ్రేమ్ కెమెరా ఉన్నవాళ్లకు ఇదంతా ఒక మెట్టు జరుగుతుంది. వాళ్ల 85, మన క్రాప్ కెమెరాలో 50 దాదాపు ఒకే దూరం అడుగుతాయి. కాబట్టి వాళ్లకు 85ను మొదటి పోర్ట్రెయిట్ లెన్స్‌గానే చెబుతాను. మనకు ఇంట్లో 35 చేసే పనిని వాళ్లకు 50 చేస్తుంది.

సోనీ, ఫుజీఫిల్మ్ మిర్రర్‌లెస్ వాళ్లకు ఇంకో మంచి దారి సిగ్మా 56 ఎంఎం ఎఫ్ 1.4. ఇది 2018లో వచ్చింది, బరువు 280 గ్రాములు. 50 కన్నా కాస్త ఎక్కువ చోటు అడుగుతుంది, కానీ పైన చెప్పిన భాగహారంలో దీనికి 40 వస్తుంది. అంటే బ్లర్‌లో 85కు దగ్గరగా, దూరంలో 50కు దగ్గరగా ఉంటుంది. బడ్జెట్ 50 కన్నా ఎక్కువ ఉండి, ఒకే లెన్స్ కొంటానంటే నేను దీన్నే చెబుతాను.

ఇప్పటికే ఉన్న లెన్స్‌ను వాడి చూశారా?

చాలామంది డబుల్ కిట్‌తో కెమెరా కొంటారు. ఆ పెట్టెలో 55-250 లాంటి టెలీ లెన్స్ ఉంటుంది. చిలుకూరులో కోతుల ఫొటోలు తీసి లోపల పెట్టేస్తారు. ఒకసారి దాన్ని లెక్క వేయండి: 250ని 5.6తో భాగిస్తే 45. అంటే 85 ఎఫ్ 1.8తో దాదాపు సమానం! ఉదయం ఏడింటప్పుడు పొలం గట్టు మీదో, చెరువు ఒడ్డునో మనిషిని నిలబెట్టి, మీరు 22 అడుగుల దూరం నుంచి 250 దగ్గర తల, భుజాలు తీయండి. వెనక బాగా దూరంగా ఉన్న తాటిచెట్లు మెత్తగా కరిగిపోతాయి. చాలామంది ఈ ఫలితాన్ని చూసి ఆశ్చర్యపోతారు.

పరిమితులు రెండున్నాయి. ఒకటి, వెలుతురు బాగా ఉండాలి, షటర్ స్పీడ్ 1/250 సెకను కన్నా నెమ్మదించకూడదు. రెండు, బ్యాక్‌గ్రౌండ్ దూరంగా ఉండాలి. మనిషి వెనక మూడడుగుల్లో గోడ ఉంటే ఎఫ్ 5.6 దాన్ని అంతగా కరిగించలేదు, అక్కడ ఎఫ్ 1.8 లెన్సుదే పైచేయి. ఇవి రెండూ సమకూరే పల్లెవాతావరణంలో ఉండి, పగటి పూటే తీసేవారైతే కొత్త లెన్స్ కొనడానికి తొందరేమీ లేదు. ఆ డబ్బుతో ముందు ఒక రిఫ్లెక్టర్ (వెలుతురును ముఖం మీదకు తిప్పే పలక) కొనుక్కోండి. తెల్ల థర్మాకోల్ షీటైనా చాలు.

కొనేముందు చేయాల్సిన పని

కిట్ లెన్స్‌ను 35 దగ్గర పెట్టి, జూమ్ రింగ్ కదలకుండా ఒక టేపు ముక్క అంటించండి. కొన్ని రోజులు ఇంట్లోవాళ్లను అలాగే తీయండి. తర్వాత 50 దగ్గర అంటించి మళ్లీ తీయండి. ఎక్కడ "ఇంకాస్త వెనక్కి జరిగితే బాగుండు" అనిపించిందో, ఎక్కడ "ఇంకా దగ్గరగా రావాలి" అనిపించిందో మీకే తెలిసిపోతుంది. ఇప్పటిదాకా తీసిన ఫొటోల్లో నచ్చినవాటిని కంప్యూటర్లో తెరిచి, వాటి వివరాల్లో ఫోకల్ లెంగ్త్ ఎంతుందో చూసినా ఇదే సమాచారం దొరుకుతుంది. ఎవరి సలహా కన్నా, ఈ వ్యాసం కన్నా కూడా, ఆ అంకెలు ఎక్కువ నమ్మదగినవి.

మౌంట్ (లెన్స్ కెమెరాకు తగిలే చోటు) విషయంలో జాగ్రత్త. నికాన్ డీ3500, డీ5600 లాంటి బాడీలలో ఫోకస్ మోటారు ఉండదు. పాత ఏఎఫ్ 50 ఎంఎం ఎఫ్ 1.8డీ చవకగా దొరుకుతోందని కొంటే ఫోకస్ చేతితో తిప్పుకోవాల్సిందే. పేరులో ఏఎఫ్-ఎస్ (మోటారు లెన్స్‌లోనే ఉందని అర్థం) అని ఉందో లేదో చూసుకోండి. కెనన్ మిర్రర్‌లెస్ వాళ్లు ఈఎఫ్ లెన్స్ కొనాలనుకుంటే ఈఎఫ్-ఈఓఎస్ ఆర్ అడాప్టర్ కావాలి. దానితో ఆటోఫోకస్ పనిచేస్తుంది. ఆ అడాప్టర్ ధర కలుపుకుంటే ఆర్‌ఎఫ్ లెన్సే నయం అనిపించొచ్చు, రెండూ కూడి చూడండి.

సెకండ్‌హ్యాండ్ కొనడం మంచి ఆలోచనే, 50లూ 35లూ చాలా తిరుగుతుంటాయి. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో నాలుగు షాపులు తిరిగి, చేతిలోకి తీసుకుని చూసి కొనండి. మీ కెమెరా వెంట తీసుకెళ్లండి. ఫోన్ టార్చ్ వేసి లెన్స్ లోపలికి ఒక పక్కనుంచి చూడండి. సాలెగూడు లాంటి సన్నని దారాలు కనిపిస్తే అది ఫంగస్. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఉన్న ఊళ్లలో వాడినవాటిలో ఇది ఇంకా జాగ్రత్తగా చూడాలి, ఎంత తక్కువకు ఇస్తామన్నా వద్దనేయండి. కాస్త దుమ్ము రేణువులుంటే ఫర్వాలేదు, ఫొటోలో కనబడవు. తర్వాత కెమెరాకు తగిలించి, షాపతన్ని కౌంటర్ వెనక నిలబెట్టి, ఎఫ్ 1.8 దగ్గర ఆయన కంటి మీద ఫోకస్ పెట్టి పది ఫొటోలు తీయండి. స్క్రీన్ మీద పెద్దవి చేసి చూడండి. కనురెప్పలు పదింటిలో ఎనిమిదింటిలోనైనా స్పష్టంగా ఉంటే బిల్లు రాయించుకోండి. ఫోకస్ ప్రతిసారీ చెవి మీదకో ముక్కు మీదకో జారుతుంటే ఇంకో పీస్ చూపించమనండి.